గోడ మీద రాసిన విలువలు కాంట్రాక్టు వాళ్లకు వర్తించవా?

పెనుకొండ కొండకింద
అందరికీ నమస్కారం. మెకానికల్ డిప్లొమా చేసి, పెనుకొండ – హిందూపురం వైపు ఒక విదేశీ కంపెనీ ప్లాంటులో పనిచేస్తున్నా. కంపెనీ పేరు చెప్పను. దయచేసి ఎవరూ ఊహించి రాయొద్దు. పని చేసేది ప్లాంటులోనే, జీతం ఇచ్చేది మాత్రం మ్యాన్‌పవర్ కాంట్రాక్టర్. గేటు దాటి లోపలికి పోగానే పెద్ద బోర్డు ఉంటుంది: గౌరవం, భద్రత, నిజాయితీ, "మా ఉద్యోగులే మా బలం". చేరిన రోజు మా అందరి చేత అవన్నీ చదివించి ప్రతిజ్ఞ కూడా చేయించారు.

ఈమధ్య కాంట్రాక్టర్ మారాడు. మాకు మాత్రం అదే లైను, అదే మిషను, అదే సూపర్‌వైజరు. కొత్త కాంట్రాక్టర్ కాగితాలు తెచ్చి సంతకాలు పెట్టమంటున్నాడు. పాత సర్వీసు లెక్కలోకి రాదంట. అనుమానం వచ్చి పీఎఫ్ పాస్‌బుక్ తీసి చూస్తే, జీతంలో కోసిన నెలల్లో కొన్నింటికి అసలు డబ్బే పడలేదు. పాత కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. ప్లాంటు హెచ్ఆర్ దగ్గరికి పోతే, "మీరు మా ఎంప్లాయీస్ కాదు, మీ కాంట్రాక్టర్‌ను అడుక్కోండి" అన్నారు.

డబ్బు సంగతి ఒకటి. దానికంటే ఆ మాట ఎక్కువ బాధ పెట్టింది. రోజంతా వాళ్ల యూనిఫాం వేసుకుని, వాళ్ల టార్గెట్ కోసం నిలబడతాం. మరి ఆ బోర్డు మీద రాసింది ఎవరి గురించి? తెలిసినవాళ్లు చెప్పండి.

హంద్రీ ఒడ్డు
తమ్ముడూ, కార్మిక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని, కర్నూల్లో ఉంటా. ముందు ఒక పని చెయ్యి. కొత్త కాంట్రాక్టర్ ఇచ్చిన కాగితం ప్రతి లైనూ చదువు. "నాకు పాత బకాయిలు ఏవీ లేవు, అన్నీ ముట్టాయి" అనే వాక్యం ఎక్కడైనా ఉంటే సంతకం పెట్టొద్దు. పెట్టక తప్పదంటే దాని పక్కనే నీ చేత్తో "పాత పీఎఫ్ బకాయి ఉంది" అని రాసి పెట్టు. ఆ కాపీ ఫోటో తీసుకో.

ఇక హెచ్ఆర్ చెప్పిన మాట చట్టం ముందు నిలబడదు. 1952 పీఎఫ్ స్కీములోనే ఉంది: కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్న పనివాళ్ల పీఎఫ్ కట్టే బాధ్యత కూడా ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే, అంటే పని చేయించుకునే కంపెనీదే. కట్టి, తర్వాత కాంట్రాక్టర్ బిల్లులో కోసుకోవచ్చు. జీతాలకూ అంతే. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఈ నిబంధన ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఆ బాకీ కంపెనీ మీదికి వస్తుంది.

ఇల్లు కట్టించుకునేవాడు "నేను మేస్త్రికి డబ్బిచ్చేశా, కూలోళ్ల సంగతి నాకు తెలీదు" అంటే ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా? ఇంత పెద్ద కంపెనీ అన్నా ఒప్పుకోకూడదు.

ఇంకోటి. నీ జీతంలోంచి 12 శాతం కోసి జమ చేయకపోవడం మామూలు ఆలస్యం కాదు. అది నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుంది. ఆలస్యమైన సొమ్ము మీద ఏడాదికి 12 శాతం వడ్డీ వాళ్లు కట్టాలి. పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం కడపలో ఉంది, కానీ బస్సెక్కి పోవాల్సిన పని లేదు. ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్లో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది. కాంట్రాక్టర్ పేరుతోపాటు ప్లాంటు పేరు కూడా తప్పకుండా రాయి.

పెనుకొండ కొండకింద
చానా థాంక్స్ సార్. కాగితంలో మీరు చెప్పిన వాక్యం నిజంగానే ఉంది, రెండో పేజీలో చిన్న అక్షరాల్లో. మరి పాత సర్వీసు పోయినట్టేనా?

హంద్రీ ఒడ్డు
పీఎఫ్ వరకు పోదు. యూఏఎన్ నంబరు, అంటే ఒక్కో మనిషికి ఇచ్చే పీఎఫ్ నంబరు, ఒకటే ఉంటుంది కదా, కాంట్రాక్టర్ మారితే కొత్త మెంబర్ ఐడీ మాత్రమే వస్తుంది. పాతది కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేసుకో. పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి కాబట్టి ఈ కలపడం చానా ముఖ్యం. మధ్యలో డబ్బు విత్‌డ్రా చేసుకుని ఖాతా మూసేయొద్దు, మన పిల్లలు ఎక్కువగా అదే చేస్తారు. గ్రాట్యుటీ మాత్రం చిక్కు వ్యవహారం. ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇన్నాళ్లకని కంపెనీ నేరుగా తీసుకున్నవాళ్లకు కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే వస్తుంది. మిగతావాళ్లకు ఐదేళ్లు కావాలి. కాంట్రాక్టర్లను మారుస్తూ పోయేదానికి ఇదీ ఒక కారణమని నా సర్వీసులో చూసిన దాన్నిబట్టి చెప్తున్నా.

కడప నుంచి హెచ్ఆర్
నేను ఇలాంటి సీట్లోనే కూర్చున్నదాన్ని, వేరే జిల్లాలో, వేరే కంపెనీలో. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ప్రతి నెలా కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేసే ముందు మేము కొన్ని కాగితాలు అడగాలి: జీతాలు బ్యాంకులో పడినట్టు ఆధారం, ఈఎస్ఐ చలానా, పీఎఫ్ ఈసీఆర్. ఈ ఈసీఆర్‌లో ఒక్కొక్కరి పేరు, యూఏఎన్, ఎంత కట్టారో వరుసగా ఉంటుంది. మా హాజరు పట్టీ పక్కన పెట్టుకుని పేర్లు పోల్చాలి. చాలాచోట్ల అక్కడే నిర్లక్ష్యం జరుగుతుంది. మొత్తం అంకె చూసి సంతకం పెట్టేస్తారు. కాంట్రాక్టర్ 200 మంది దగ్గర కోసి 140 మందికే కట్టినా, పేర్లు పోల్చనిదే తెలియదు. ఇంకొందరు వేరే కంపెనీకి కట్టిన చలానానే ఇక్కడా చూపిస్తారు. కాబట్టి తమ్ముడి ప్లాంటులో నెలల తరబడి డబ్బు పడలేదంటే, కాంట్రాక్టర్ దొంగ కావచ్చు గానీ, బిల్లు పాస్ చేసినవాళ్లు కాగితం చూడలేదన్నది మాత్రం ఖాయం.

"మీరు మా ఎంప్లాయీస్ కాదు" అని చెప్పమని మాకు నేర్పిస్తారు. కాంట్రాక్టు వర్కర్‌తో నేరుగా మాట్లాడితే, నేరుగా సెలవు ఇస్తే, రేపు కోర్టులో "వీళ్లు మీ సొంత ఉద్యోగులే" అని తేలుతుందని లీగల్ వాళ్ల భయం. ఆ భయం వల్ల సాటి మనిషితో మర్యాదగా మాట్లాడటం కూడా మానేస్తున్నాం. ఇది తప్పని నేను మీటింగుల్లో చెప్తూనే ఉన్నా. బకాయి తేల్చడానికి ఎవరినీ పర్మినెంట్ చేయాల్సిన అవసరం లేదు, కాంట్రాక్టర్ ఫైనల్ బిల్లు ఆపితే చాలు. తమ్ముడూ, మీ పాత కాంట్రాక్టర్‌కు ఫైనల్ బిల్లు, సెక్యూరిటీ డిపాజిట్ ఇంకా ఇచ్చి ఉండకపోవచ్చు. రాతపూర్వకంగా వెంటనే అడగండి. ఆ డబ్బు చేతులు మారాక కష్టం.

పెన్నా ఇసుక
తాడిపత్రి నుంచి. ఇంకో వైపు కూడా వినండి. మాది చిన్న సంస్థ, ఫ్యాక్టరీలకు మనుషుల్ని పంపుతాం. పీఎఫ్ ఎగ్గొట్టేవాళ్లను సమర్థించను. కానీ కాంట్రాక్టర్లంతా ఒకటే అనుకోవద్దు.

టెండర్ అంటే ఎవరు తక్కువ సర్వీస్ ఛార్జీ వేస్తే వాళ్లకే. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ కలిపి లెక్కేస్తే వచ్చే అంకె కంటే తక్కువకు కోట్ చేసినవాడికి కూడా పని ఇస్తున్నారు. అంత తక్కువకు ఎలా చేస్తాడని ఎవరూ అడగరు. ఎక్కడో ఒకచోట కోస్తాడు, అది కూలీ కడుపే. ఆపైన బిల్లు పెట్టాక 60, 90 రోజులు తిప్పుకుంటారు. మేము మాత్రం 7వ తేదీకల్లా జీతాలు వేయాలి. వడ్డీకి తెచ్చి వేస్తాం. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెప్తుంది. ఆ గడువు దాటితే ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోకుండా ఇన్‌కంటాక్స్‌లో కూడా నిబంధన తెచ్చారు. అయినా గట్టిగా అడిగితే వచ్చే ఏడు టెండర్ ఉండదు. విలువల గురించి రాసేవాళ్లు ముందు కొనుగోలు డిపార్ట్‌మెంట్‌కు ఆ కాగితం చదివి వినిపించాలి.

గండికోట అంచు
> అంత తక్కువకు ఎలా చేస్తాడని ఎవరూ అడగరు

అసలు విషయం ఇక్కడే ఉంది. మనకు దగ్గర్లోనే జరిగిన సంగతి గుర్తు చేస్తా. కోలారు జిల్లా నరసాపుర, 2020 డిసెంబర్ 12. ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ప్లాంటులో జీతాలు సరిగా పడలేదని కార్మికులు తిరగబడ్డారు. ఎక్కువమంది కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవాళ్లే. అద్దాలు పగలగొట్టడం, వాహనాలు తగలబెట్టడం తప్పు. దాంతో ఎంతోమంది పిల్లలు జైలుకు పోయారు. కానీ తర్వాత ఏం జరిగింది? కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని విస్ట్రాన్ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. భారత్ వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్‌ను తప్పించింది. యాపిల్ ఆ సంస్థను ప్రొబేషన్‌లో పెట్టి, సరిదిద్దేవరకు కొత్త పని ఇవ్వమంది. "వాళ్లు మా ఎంప్లాయీస్ కాదు" అని యాపిల్ కూడా అనొచ్చు, నిజానికి కాదు కూడా. అయినా బాధ్యత తీసుకోక తప్పలేదు, ఎందుకంటే ప్రపంచం చూస్తోంది.

మరుసటి ఏడాదే, 2021 డిసెంబర్లో, శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ హాస్టల్లో తిండి కల్తీ అయి ఆడపిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. హాస్టల్ నడిపేది ఇంకొకరు. అప్పుడూ యాపిల్ ఆ ప్లాంటును ప్రొబేషన్‌లో పెట్టింది. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక గానీ యూరప్ బట్టల కంపెనీలు భవనాల భద్రత మీద ఒప్పందం చేసుకోలేదు. ప్రతిసారీ విలువలు పనిచేయడం మొదలైంది గొడవ జరిగాకే, ప్రాణాలు పోయాకే. ఆ వరుస మారాలి.

తమ్ముడూ, మీ కంపెనీ హెడ్ ఆఫీసు వెబ్‌సైట్లో "సప్లయర్ కోడ్" అని ఒక పత్రం, "ఎథిక్స్ హాట్‌లైన్" అని ఒక అడ్రసు ఉంటాయి. చాలా కంపెనీల్లో సప్లయర్ల దగ్గర పనిచేసేవాళ్లు కూడా దానికి రాయొచ్చు, పేరు చెప్పకుండా. పెద్ద జర్మన్ కంపెనీ అయితే ఇది చట్టమే: 2023 నుంచి సప్లయర్ల దగ్గరి కార్మికులకు కూడా ఫిర్యాదు దారి ఉండాలి. ఫ్రాన్స్ 2017లోనే ఇలాంటి చట్టం తెచ్చింది. కొరియా, జపాన్ కంపెనీలైతే ఆ దేశాల్లో ఓఈసీడీ (సంపన్న దేశాల ఆర్థిక సంఘం) మార్గదర్శకాల కింద ఫిర్యాదులు తీసుకునే కార్యాలయం ఉంటుంది.

ఎర్రనేల రైతు
నాకు ఒకటే భయం. మా అబ్బాయి కూడా ఇలాంటి ప్లాంటుకే పోతున్నాడు. మా కాలంలో కరువొస్తే బెంగళూరుకో కేరళకో కూలికి పోయేవాళ్లం. 2017లో కియా ఒప్పందం అయి, ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ లేచి, 2019లో కారు బయటికొచ్చినాక, దాని చుట్టూ ఇంకెన్నో వచ్చాయి. పిల్లోడు సాయంత్రానికి ఇంటికొస్తున్నాడు. మీరంతా కేసులు, హాట్‌లైన్లు అంటే కంపెనీలు వేరే రాష్ట్రానికి పోతే? కాస్త ఓర్చుకోమని చెప్పడం కూడా పెద్దల పనే కదా.

హిందూపురం అక్క
అన్నా, మీ భయం అర్థమవుతుంది. మా ఇంట్లోనూ అదే మాట. కానీ ఓర్చుకోమన్న మాట ఎప్పుడూ కిందోళ్లకే ఎందుకు చెప్తాం? వాళ్లకు భూమి మన జిల్లాది, నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరువి. ఇచ్చేటప్పుడు మనం ఏమీ బేరం పెట్టలేదు. చట్టంలో ఉన్న పీఎఫ్ అడిగితే పోయే కంపెనీ ఏదీ ఉండదు. ఉంటే అది మన పిల్లల్ని ఎన్నాళ్లు బాగా చూస్తుంది?

నేను గార్మెంట్స్‌లో కుట్టు లైను మీద పనిచేశా, ఇప్పుడు ఫ్లోర్ సూపర్‌వైజర్ని. మా బట్టలు పోయేది విదేశాలకే. బయ్యర్ ఆడిట్ వస్తుందంటే బాత్‌రూములు మెరుస్తాయి, తాగే నీళ్లు చల్లగా వస్తాయి, క్రెష్‌లో బొమ్మలు కనిపిస్తాయి. ఆడిట్ వాళ్లు పోయినాక బొమ్మలు మళ్లీ బీరువాలోకి. నేను ఒకసారి ఆడిట్ అమ్మాయి దగ్గరికి పోయి, "మమ్మల్ని మేనేజర్ ముందు కాకుండా, బస్సులో వచ్చి అడగండి" అన్నా. ఆమె నిజంగానే మరుసటి రోజు బస్సెక్కింది. సోమందేపల్లి దాకా ఆడోళ్లు ఆపకుండా చెప్పారు: నీళ్లు తాగితే బాత్‌రూముకు పోవాల్సొస్తుందని దాహం ఆపుకుంటున్న సంగతి, దాంతో వచ్చే మూత్రం మంట, లైన్లో అందరి ముందు తిట్టే తిట్లు. బాత్‌రూముకు పోవాలంటే టోకెన్ తీసుకోవాలనే పద్ధతి ఆ తర్వాత తీసేశారు. ఇప్పుడు బాత్‌రూముకు పోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. గౌరవం అంటే మాకు అదే.

ఇంకో మాట. పది మంది పనిచేసే ఏ చోటైనా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. కాంట్రాక్టు అమ్మాయిలకు కూడా వర్తిస్తుంది. సగం మంది ఆడవాళ్లే ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. ఇప్పుడు మన రాష్ట్రంలో 10 గంటల పని, ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు అంటున్నారు. రాత్రి షిఫ్టుకు మా ఒప్పుదల కావాలి, ఇంటిదాకా బండి ఉండాలి. మెయిన్ రోడ్డు మీద దించిపోతే కుదరదు. మా ఊళ్లు రోడ్డు నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు లోపల ఉంటాయి.

టవర్ క్లాక్ సెంటర్
అనంతపురం వాణ్ని, బెంగళూరు ఐటీ. నాది ఆన్‌రోల్ ఉద్యోగం, అంటే నేరుగా కంపెనీదే, పెద్ద గ్లోబల్ కంపెనీ, పేరు వద్దు. "మనమంతా ఒక ఫ్యామిలీ" అని ప్రతి టౌన్‌హాల్లో చెప్పేవాళ్లు. ఒక ఉదయం పావుగంట వీడియో కాల్, మధ్యాహ్నానికి లాగిన్ తీసేశారు. ఉద్యోగం పోవడం నేను అర్థం చేసుకోగలను, వ్యాపారంలో ఎత్తుపల్లాలు ఉంటాయి. నాన్నకు డయాలసిస్ జరుగుతోంది, కంపెనీ ఇన్సూరెన్స్‌లో. అదీ అదే రోజుతో ఆగిపోయింది. నెలాఖరు దాకా అయినా ఉంచమని మెయిల్ రాస్తే, జవాబు ఇచ్చేదానికి నా మేనేజర్‌కే అధికారం లేదంట. నిర్ణయం తీసుకున్న మనిషి ఏ దేశంలో ఉన్నాడో కూడా నాకు తెలీదు. కంపెనీ ప్రపంచమంతా ఉంటే జవాబు చెప్పే మనిషి ఎక్కడా దొరకడు, నాకు ఎక్కువ కోపం అక్కడే.

తీసేయడంలో కూడా పద్ధతి ఉంటుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారా, గర్భిణీనా అని ఒక్కసారి చూసి తేదీ పెట్టొచ్చు. అది పెద్ద ఖర్చు కాదు.

కడప నుంచి హెచ్ఆర్
తమ్ముడూ, నాన్నగారి ఇన్సూరెన్స్ గురించి: గ్రూప్ పాలసీ నుంచి బయటికొచ్చేవాళ్లు అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉంటుంది. మంజూరు వాళ్ల చేతిలోనే ఉన్నా, పాత పాలసీ కాలాన్ని లెక్కలోకి తీసుకునే వీలుంటుంది. ఉద్యోగం పోయేవాళ్లకు మేము ఇది ముందే చెప్పాలి, ఎవరూ చెప్పరు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కూడా 45 రోజులు తిప్పుకోనక్కర్లేదు. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

ఎర్రనేల రైతు
అక్కా, మీరు చెప్పింది చదివి మా అబ్బాయిని అడిగా. వాడి పాస్‌బుక్ కూడా తీయించా. బాగానే పడుతోంది, అదొక ధైర్యం. అయినా ఒక సంగతి. మా ఊళ్లో ఒక కంపెనీ మంచినీళ్ల ప్లాంటు పెట్టించింది, బడికి బెంచీలిచ్చింది. వాళ్లకు మనసు లేదనలేం కదా.

గండికోట అంచు
లేదనడం లేదన్నా. నీళ్ల ప్లాంటు మంచిదే. కానీ అది సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాల్సిందే. కేవలం సొంత ఉద్యోగులకు ఉపయోగపడే ఖర్చును సీఎస్ఆర్ కింద లెక్కించరు. అంటే కార్మికుడి జీతం, పీఎఫ్, భద్రత దానం కింద రావు, అవి బాకీలు. ఊరికి బెంచీలిచ్చిన ఫోటో చూపించి లోపలి బాకీని మరిపించకూడదు.

స్టాక్ మార్కెట్లో ఉన్న మొదటి 1,000 కంపెనీలు మార్కెట్‌ను నియంత్రించే సెబీకి ఇచ్చే బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత) నివేదికలో పర్మినెంట్ వాళ్లు ఎంతమంది, కానివాళ్లు ఎంతమంది అని విడివిడిగా రాయాలి. చదివి చూడండి. కొన్ని ఫ్యాక్టరీల్లో రెండో అంకె మొదటిదానికంటే పెద్దది. "మా ఉద్యోగులే మా బలం" అనే మాటకు అర్థం ఆ రెండో అంకెను కలుపుకుంటేనే.

అమెరికాలోని ఎన్‌రాన్ అనే ఇంధన కంపెనీ విలువల్లో కూడా గౌరవం, నిజాయితీ ఉండేవి. 2001 డిసెంబర్లో దివాలా తీసింది, ఉద్యోగుల రిటైర్మెంట్ సొమ్ము పోయింది. మన సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం సంగతి 2009 జనవరి 7న హైదరాబాద్‌లో అందరం చూశాం. రాసుకోవడం ఎవరైనా రాసుకుంటారు. ఎవరు తనిఖీ చేస్తున్నారు, తప్పితే ఎవరి బోనస్ ఆగుతుంది అన్నదే నాకు ముఖ్యం.

పెన్నా ఇసుక
దానికి యూనియన్ కూడా ఒక తనిఖీనే. శ్రీపెరుంబుదూరు శాంసంగ్ వాళ్లు 2024లో నెల రోజులకు పైగా సమ్మె చేసింది ప్రధానంగా తమ సంఘాన్ని గుర్తించమనే. మరుసటి జనవరిలో రిజిస్ట్రేషన్ వచ్చింది. నేను కాంట్రాక్టర్నే అయినా చెప్తున్నా, మాట్లాడటానికి ఒక సంఘం ఉన్నచోట మాకూ పని సులువు. గేటు దగ్గర గుంపుతో మాట్లాడేకంటే ఎంతో మేలు.

పెనుకొండ కొండకింద
అందరికీ అప్‌డేట్. మా లైన్ వాళ్లం కూర్చుని పాస్‌బుక్‌లు పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏ నెల పడలేదో పట్టిక రాసుకున్నాం. హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకున్నాం. ఫైనల్ బిల్లు ఆపమని కడప అక్క చెప్పిన లైను అందులో రాశాం. పోర్టల్లో ఫిర్యాదు పెట్టాం. హెడ్ ఆఫీసు హాట్‌లైన్‌కు నేనే మెయిల్ రాశా, తెలుగులోనే. జవాబు తెలుగులోనే వచ్చింది! విచారణ చేస్తామని, పేర్లు బయటపెట్టమని రాశారు.

నిన్న ప్లాంట్ హెడ్ పిలిచారు. మొదట కొంచెం టెన్షన్ పడ్డాం. కూర్చోబెట్టి మాట్లాడారు. పాత కాంట్రాక్టర్ ఫైనల్ బిల్లు ఆపామని, ఆ డబ్బుతో బకాయి కట్టిస్తామని, కొత్త కాగితంలో ఆ వాక్యం తీసేయిస్తామని చెప్పారు. ఇంకా పాస్‌బుక్‌లో పడలేదు, పడ్డాక రాస్తా. పాత సర్వీసు విషయంలో మాత్రం ఏ మాటా ఇవ్వలేదు.

హిందూపురం అక్క
శభాష్ తమ్ముడూ. మీ ప్లాంటులో ఊడ్చేవాళ్లు, క్యాంటీన్ ఆడోళ్లు వేరే కాంట్రాక్టర్ కిందుంటారు కదా. వాళ్ల పాస్‌బుక్‌లు ఎవరన్నా చూశారా?

పెనుకొండ కొండకింద
ఈ రోజు షిఫ్ట్ అయ్యాక అడిగా అక్కా. కొందరికి యూఏఎన్ నంబరే లేదు. కానీ జీతంలో "పీఎఫ్" అని కోస్తున్నారంట. పే స్లిప్ ఇవ్వరు, నోటిమాటే. హంద్రీ సార్, నంబరే లేనివాళ్లు ఫిర్యాదు ఎలా పెట్టాలి?

హంద్రీ ఒడ్డు
నంబరు లేకపోయినా పెట్టొచ్చు. వాళ్లు అక్కడ పనిచేస్తున్నారని చూపించడమే ముఖ్యం. గేట్ పాస్ రెండు వైపులా ఫోటో తీయండి. బ్యాంకులో జీతం పడితే స్టేట్‌మెంట్ తీయించండి. చేతికి ఇస్తుంటే తేదీ, మొత్తం ఒక నోటుబుక్కులో రాసుకుని తోటివాళ్ల సంతకం పెట్టించుకోండి. ఈఎస్ఐ కార్డు ఉందేమో అడగండి, ఉంటే చేరిన తేదీ దాని మీద తేలిపోతుంది. ఇవన్నీ పెట్టి, ప్లాంటు పేరు ముందు, కాంట్రాక్టర్ పేరు తర్వాత రాసి కడప ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రాయడం ఇబ్బందైతే వివరాలు నాకు మెసేజ్ పెట్టు, అర్జీ నేను రాసిస్తా. వేలిముద్ర వేసేవాళ్లుంటే, వాళ్లకు చదివి వినిపించామని కింద ఒక లైను కలపడం మర్చిపోవద్దు.